దొరికినవారికి

చలికాలం దగ్గర పడేసరికి తెలుగు పేపర్ల లోపలి పేజీల్లో ఒక చిన్న ప్రకటన కనపడుతుంటుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళు హైదరాబాదులో ఈసీఐఎల్ దగ్గరున్న తమ బెలూన్ కేంద్రం నుంచి రాబోయే నెలల్లో పెద్ద పెద్ద బెలూన్లు ఎగరేస్తారు. వాటికి కట్టిన పరికరాలు రంగు పారాచూట్ల మీద కిందికి దిగుతాయి. ఎవరికైనా దొరికితే విప్పకుండా, కదపకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో పోస్టాఫీసుకో చెప్పాలి. చెప్పినవాళ్ళకి తగిన బహుమతి, ఖర్చులు ఇస్తారు. కింద జిల్లాల పేర్ల వరస: తెలంగాణవి, వాటితో పాటు ఉత్తర కర్ణాటకవి, మహారాష్ట్రవి కొన్ని.

మాది మోత్కూర్. 2016 అక్టోబర్ దాకా నల్లగొండ జిల్లా, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లా. మ్యాప్ మీద ఈసీఐఎల్ దగ్గర వేలు పెట్టి నేరుగా తూర్పుకి జరుపుకుంటూ పోతే, డెబ్బై కిలోమీటర్లు దాటాక దాదాపు అదే అక్షాంశం మీద మా ఊరు తగులుతుంది. చలికాలంలో పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకి గట్టిగా వీస్తుంది. అంటే ఆ ప్రకటన చదవాల్సినవాళ్ళలో మేం ముందు వరసలో ఉన్నాం.

పుస్తకాల మీద నాలుగు మాటలు రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి, ఇలాంటి ప్రకటనల్ని కూడా ఒక రచన లాగే చదువుతాను. మన ఆఫీసు తెలుగులో మాట్లాడే మనిషి ఉండడు. 'కోరడమైనది', 'తెలియజేయవలెను', 'చర్య తీసుకొనబడును'. కోరింది ఎవరు? తీసుకునేది ఎవరు? వాక్యంలోంచి కర్త లేచి వెళ్ళిపోయి ఉంటాడు. వినేవాడికి కూడా ముఖం ఉండదు, 'ప్రజలు' అంతే. ఆకాశం నుంచి ఒక వస్తువు వచ్చి ఒకానొక మనిషి చేలో పడటం అనే ఇంత వింత సంగతిని, ఇంత మనిషి లేని భాషలో చెప్పడం ఎలా సాధ్యమా అని నాకెప్పుడూ ఆశ్చర్యమే. పోయిన ఏడాది ఆ ఆశ్చర్యం నా నెత్తి మీదికే వచ్చింది. అలాంటి ప్రకటన ఒకటి నేనే రాయాల్సి వచ్చింది.

నేను ఉద్యోగం చేసేది సాఫ్ట్‌వేర్‌లో. నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలోనే ఇప్పుడు మూడో సంవత్సరం చదువుతున్న ఐదుగురు పిల్లలు ఒక బెలూన్ పేలోడ్ తయారుచేస్తూ, కోడ్ చూసిపెట్టడానికి ఎవరైనా సీనియర్ దొరుకుతారా అని వెతికితే నేను దొరికాను. శని, ఆదివారాల పని. పేలోడ్ అంటే పెద్ద మాటేగానీ, చూడటానికి అదొక థర్మోకోల్ డబ్బా. కిలోకి కాస్త పైన బరువు. అంతర్జాతీయ నిబంధనల్లో నాలుగు కిలోల లోపు బరువు మోసే బెలూన్లని 'తేలికపాటి' తరగతిలో వేస్తారు. అయినా మన దగ్గర విమానయాన శాఖ అనుమతి, విమానాల దారి చూసేవాళ్ళ అనుమతి లేకుండా ఎగరేయడానికి లేదు. ఆ కాగితాలు ఇంకా తిరుగుతున్నాయి. డబ్బా మాత్రం తయారైపోయింది.

అది కొలిచేది అతినీలలోహిత కిరణాల్ని. ఎంత పొడుగు మాట! స్కూల్లో ఈ పేరు రాయడానికే భయపడేవాళ్ళం. 'నీలలోహితుడు' శివుడి పేరని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆయన్ని కూడా దాటిపోయిన రంగు అన్నమాట. పిల్లలు 'యూవీ' అంటారు. నేనూ ఇక్కణ్ణుంచి అదే అంటాను.

యూవీలో మూడు రకాలు. తరంగదైర్ఘ్యం 315 నుంచి 400 నానోమీటర్ల దాకా ఉన్నది యూవీ-ఏ, 280 నుంచి 315 దాకా యూవీ-బి, అంతకంటే తక్కువది యూవీ-సి. యూవీ-ఏని ఓజోన్ పెద్దగా పట్టించుకోదు. యూవీ-బిలో చాలా భాగాన్ని ఆపుతుంది. యూవీ-సిని నేల దాకా రానివ్వదు. ఇంత పని చేసే ఓజోన్ ఎంత ఉంటుందంటే, మన తల మీదున్న మొత్తాన్ని తెచ్చి నేల మీది గాలి ఒత్తిడి దగ్గర పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు. మన లాంటి ఉష్ణమండలంలో అది ఇంకాస్త పలచన.

మా డబ్బా చేసే పని సులువే. ఒక జత సెన్సర్లు యూవీ-ఏని, ఇంకో జత యూవీ-బిని చూస్తుంటాయి. పైకి పోయేకొద్దీ రెండూ పెరుగుతాయి, గాలి పలచబడుతుంది కాబట్టి. కానీ యూవీ-ఏ గీత కొంత ఎత్తు తర్వాత చదునవుతుంది. యూవీ-బి గీత మాత్రం ఓజోన్ ఉన్న మేర పెరుగుతూనే పోతుంది. రెండు గీతల మధ్య పెరిగే ఎడమే ఓజోన్ సంతకం. ముప్పై కిలోమీటర్లకి చేరేసరికి ఓజోన్‌లో ఎక్కువ భాగం డబ్బా కిందికి వచ్చేస్తుంది.

చెప్పడానికి ఇంతే. చేయడంలో ఉంది అసలు తిప్పలు. సెన్సర్ మీద తడి పడకుండా గాజు పెడదామంటే, మామూలు గాజు యూవీ-బిని మింగేస్తుంది. అందుకని పలచటి టెఫ్లాన్ బిళ్ళ పెట్టాం. వెలుతురు ఏ వాలు నుంచి వచ్చినా అది సమంగా చెదరగొడుతుంది. పైకప్పు మీద సెన్సర్ పెడదామంటే పైన బెలూన్ నీడ. పక్కన పెడదామంటే డబ్బా తాడుకి వేలాడుతూ బొంగరంలా తిరుగుతుంది, ఒక క్షణం సూర్యుడు, ఒక క్షణం నీడ. అందుకే నాలుగు పక్కలా పెట్టి, ఏ క్షణాన ఏది ఎటు చూస్తోందో లెక్క కట్టే బాధ్యత కోడ్ మీద వేశాం. మనకి పదహారు, పదిహేడు కిలోమీటర్ల ఎత్తున చలి సున్నాకి ఎనభై డిగ్రీల కింద ఉంటుంది. మామూలు బ్యాటరీ అక్కడ చేతులెత్తేస్తుంది, లిథియం సెల్స్ కావాలి. జీపీఎస్ చిప్‌ది ఇంకో గొడవ. 'నువ్వు విమానంలో ఉన్నావు' అని దానికి ముందే చెప్పకపోతే, పన్నెండు కిలోమీటర్లు దాటాక ఇదంతా అసాధ్యం అనుకుని ఎత్తు చెప్పడం మానేస్తుంది. బెలూన్ సెకనుకి ఐదు మీటర్ల చొప్పున లేస్తే ముప్పై కిలోమీటర్లకి గంటా నలభై నిమిషాలు. నేల మీద రెండు మీటర్లున్న బెలూన్ పైన ఏడెనిమిది మీటర్లకి ఉబ్బి పగిలిపోతుంది. తర్వాత పారాచూట్. తర్వాత ఎవరిదో చేను.

హైదరాబాదుకి ఈ బెలూన్ల చరిత్ర ఉందని మా పిల్లల్లో సగం మందికి తెలియదు. హోమీ భాభా 1945లో బెంగుళూరులో రబ్బరు బెలూన్లతో కాస్మిక్ కిరణాల ప్రయోగాలు మొదలుపెట్టాడు. హైదరాబాదులో శాశ్వత కేంద్రం 1969లో వచ్చింది. ఈ ఊరే ఎందుకంటే, భూమి అయస్కాంత మధ్యరేఖకి దగ్గరగా ఉండటం వల్ల తక్కువ శక్తి ఉన్న కాస్మిక్ కిరణాల్ని భూమే పక్కకి నెట్టేస్తుంది. పరికరాలకి రొద తక్కువ. పైగా చుట్టూ నేలే. పడింది సముద్రంలో పోదు, వెతికి తెచ్చుకోవచ్చు.

అన్నిటికంటే మా జట్టుకి నచ్చిన కథ 2005 ఏప్రిల్‌ది. ఇస్రో పరికరాలతో 459 కిలోల పేలోడ్ ఒకటి ఇక్కణ్ణుంచి లేచి 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని గొట్టాల్లో పట్టుకుని తెచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీలోనూ, పుణేలోనూ ఆ గాలిని పరీక్షించారు. పన్నెండు బ్యాక్టీరియా కాలనీలు, ఆరు బూజు కాలనీలు దొరికాయి. వాటిలో మూడు బ్యాక్టీరియా జాతులు అంతకు ముందు ఎవరూ చూడనివి. 2009లో ఆ సంగతి ప్రకటించినప్పుడు ఒకదానికి ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఇంకొకదానికి ఆర్యభట పేరు పెట్టారు. వాటి దగ్గరి చుట్టాలతో పోలిస్తే ఆ మూడింటికీ యూవీని తట్టుకునే శక్తి ఎక్కువ. ఎండ ఎక్కువున్న చోట బతకాలంటే ఎండని ఓర్చుకోవడం నేర్చుకోవాలి. ఆ మాట చదివినప్పుడు నాకు ప్రయోగశాల గుర్తు రాలేదు. పత్తి ఏరే ఆడవాళ్ళు గుర్తొచ్చారు.

ఎగరేసే ముందు సెన్సర్లని నేల మీద ఒక రోజంతా, తెల్లారినప్పటి నుంచి పొద్దు గూకేదాకా నడిపి చూడాలి. నగరంలో పొగ. అందుకని మోత్కూర్‌లో మా మిద్దె మీద పెడదామన్నాను. ముగ్గురు పిల్లలు వచ్చారు. మా అమ్మ వాళ్ళకి జొన్నరొట్టె పెట్టి, డబ్బాని చుట్టూ తిరిగి చూసింది.

"ఏందిరా గిది?"

"ఎండను కొలుస్తదమ్మా."

"ఎండను కొలిచేదేంది, మీద పడితే తెలుస్తలేదా?"

జట్టులో కోడ్ రాసే అమ్మాయి నవ్వి, "తెల్వదు పెద్దమ్మా. ఒంటికి తెలిసేది వేడి. ఇది వేడిని కాదు, వేరేదాన్ని చూస్తది" అంది. అది నిజం. యూవీని పట్టే ఇంద్రియం మనకి లేదు. చలిగాలి వీస్తున్నా అది ఉంటుంది. ఒళ్ళు చెమటలు పట్టే సాయంత్రం నాలుగింటికి అది చాలా వరకు తగ్గిపోయి ఉంటుంది. ఆ రోజు లాప్‌టాప్ మీద వచ్చిన గీత కూడా అదే చెప్పింది. మామూలు వెలుతురు గీత వెడల్పాటి గుట్టలా ఉంటే, యూవీ-బి గీత సన్నటి శిఖరంలా ఉంది. ఉదయం ఎనిమిదింటికి దాదాపు ఏమీ లేదు. పదకొండు నుంచి రెండు దాకా ఉన్నదే ఎక్కువ భాగం.

అమ్మకి ఆ గీత చూపించాను. "పొద్దుగాల ఎండ వేరు, పగటీలి ఎండ వేరు. ఇది చెప్పనీకె గింత డబ్బా గావాల్నా?" అంది.

మా అమ్మ ముప్పై ఏళ్ళు వరి నాటేసింది, పత్తి ఏరింది. చీర మీద మా నాయన పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాల చుట్టుకుని పోయేది. చేతులు, మెడ, నెత్తి అన్నీ కప్పుకునేది. కప్పుకోలేనివి కళ్ళే. ఎడమ కంటి మూల నుంచి నల్లగుడ్డు మీదికి కండ పాకింది. ఆపరేషన్ చేయించాం. మళ్ళీ కొంచెం పెరిగింది. కుడికంట్లో మోతిబిందు మొదలైంది. ఎండలో, దుమ్ములో ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళకి ఈ కండ ఎక్కువ వస్తుందనీ, దానికి యూవీ ముఖ్యమైన కారణమనీ కంటి డాక్టర్లందరికీ తెలుసు. ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా పత్తి పగటీలి కాకుండా వేరే పూట ఏరే వీలు కూలికి పోయేవాళ్ళకి ఉండదు.

"మరి పైన కొలిచి ఏం జేస్తరు?" అని అడిగింది అమ్మ. మిద్దె మీద కాసేపు ఎవరం మాట్లాడలేదు.

దానికి మా దగ్గర జవాబు ఉంది. కింద కొలిస్తే వచ్చిందెంతో తెలుస్తుంది. ఏ పొర ఎంత ఆపిందో మధ్యలోంచి పోయి చూస్తేనే తెలుస్తుంది. ఇది మంచి జవాబే, ప్రాజెక్ట్ రిపోర్ట్ మొదటి పేజీలో ఉంది కూడా. కానీ అడిగిన మనిషి కంటికి అది ఏమీ చేయదు. ఆ కంటికి పనికొచ్చేది ఏ పరికరమూ అక్కర్లేని ఒక లెక్క: నీ నీడ నీకంటే పొట్టిగా ఉన్నంతసేపు యూవీ ఎక్కువున్నట్టు. మే రెండో వారంలో, ఆగస్టు మొదట్లో మా ఊళ్ళో సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. అప్పుడు నీడ కాళ్ళ కిందే. అమ్మ జీవితమంతా టైం చూసుకున్నది ఆ నీడతోనే. ఈ లెక్క చెప్తే, "గట్లనా" అని తన నీడని ఒకసారి చూసుకుంది.

డబ్బా మీద అంటించే కాగితం సంగతి ఆ సాయంత్రమే మొదలైంది. పిల్లలు ముందే ఒకటి తయారుచేసుకొచ్చారు. ఇంగ్లీషులో పెద్దక్షరాలు, కాలేజీ ముద్ర, కింద తెలుగులో 'హానిరహిత శాస్త్రీయ పరికరం. ముట్టుకోరాదు. సమీప పోలీస్ స్టేషన్‌కు తెలియజేయవలెను'. నేను ఏళ్ళుగా వెక్కిరిస్తున్న వాక్యం, ఇరవై ఏళ్ళ పిల్లల చేతిలోంచి అచ్చం అలాగే ఊడిపడింది. వాళ్ళ తప్పేం లేదు. రాత అనగానే అందరికీ ఆ తెలుగే వస్తుంది.

అమ్మ కూడబలుక్కుని చదువుతుంది. చదివించాను. 'హానిరహిత' దగ్గర ఆగింది. 'హాని' ఒక్కటే పట్టింది. అసలు వద్దన్న అర్థమే చేతికొచ్చింది.

"ముట్టుకోవద్దంటే ముట్టుకుంటరు బిడ్డా. ఎవలదో చెప్పుండ్రి, తెచ్చిస్తరు. ఎవల్ది గాందే అందరిది అయితది" అంది. తర్వాత, "ఠాణాకు పొమ్మంటే ఎవలు పోతరు? పోయినోన్నే సాయంత్రం దాక కూసోబెడ్తరు" అని కూడా అంది.

ఈ భయం ఊహ కాదు. 2022 డిసెంబర్ 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో పొలాల మధ్య ఒక పెద్ద గుండ్రటి గూడు లాంటిది దిగింది. జనం పోగయ్యారు. గ్రహాంతరవాసులని కొందరు, ఇంకేదో అని ఇంకొందరు. చివరికి అది హాలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ మనుషుల్ని అంచుల దాకా తీసుకుపోవాలని తయారుచేస్తున్న క్యాప్సూల్ నమూనా అనీ, ఈసీఐఎల్ దగ్గరి కేంద్రం నుంచే పరీక్షగా ఎగరేశారనీ తెలిసింది. మొగిలిగుండ్ల హైదరాబాదుకి పడమర. పైన గాలి ఎప్పుడూ మా ఊరి వైపే వీస్తుందన్న భరోసా ఏమీ లేదని కూడా ఆ సంఘటన చెప్తుంది. ఆ రోజు ఆ ఊరివాళ్ళ మీద చాలా జోకులు పేలాయి. నాకు నవ్వు రాలేదు. మన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అలాంటిది దిగితే మనం ఏమనుకుంటాం? ఆకాశంలోంచి పడేదాని గురించి ఎవరైనా ముందుగా చెప్పిన మనుషులు, చెప్పని మనుషులు. తేడా అంతే. చదువులో కాదు.

తర్వాతి రెండు వారాలు ఆ కాగితం మీద జరిగిన గొడవ కోడ్ మీద కూడా జరగలేదు. పిల్లలకి మార్గదర్శిగా ఉన్న సారు ఇంగ్లీషు, ముద్ర, పోలీసు మాట ఉండి తీరాలన్నారు. అనుమతుల కాగితాల్లో అలా ఉందని. ఆయన మాటా నిజమే. అందుకని అవి ఒక వైపు వేసి, రెండో వైపు మాకు వదిలేశారు. లామినేషన్‌తో కలిపి కాగితం 14 గ్రాములు. గ్రాము గ్రాముకి కొట్టుకుంటున్న జట్టులో 14 గ్రాములు చిన్న సంగతి కాదు.

'విప్పితే పాడైపోతుంది' అని నేను రాసిన వాక్యాన్ని కోడ్ అమ్మాయి కొట్టేసింది. "పాడైపోదు కదన్నా. కార్డు పోతేనే నష్టం. అబద్ధం ఎందుకు రాయాలి?" రీడింగులు కొన్ని రేడియోలో వస్తాయి కానీ పూర్తి లెక్క ఉండేది మెమరీ కార్డులోనే. ఆమె చెప్పినట్టే మార్చాం. 'అతినీలలోహిత' బదులు 'ఎండ' అని రాస్తే ఇంకొకడు ఒప్పుకోలేదు, శాస్త్రం ప్రకారం తప్పన్నాడు. తప్పే. కానీ అమ్మ చెప్పిన పొద్దుగాల ఎండకీ పగటీలి ఎండకీ మధ్య ఉన్న తేడా ఏదో, మేం కొలిచేది దాన్నే. తెలుగులో ఎండ అనే మాట ఇప్పటికే ఆ బరువు మోస్తోంది. 'బెలూన్' అనాలా 'బుగ్గ' అనాలా అంటే మాత్రం గొడవ లేదు. నల్లగొండలో, పాలమూరులో బెలూన్ని పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా బుగ్గ అనే అంటారు.

చివరికి మిగిలింది ఇది:

"దొరికినవారికి నమస్కారం. ఈ డబ్బా మాది. మేము హైదరాబాద్ దగ్గర ఇంజనీరింగ్ చదువుకునే పిల్లలం. ఇది ఎండను కొలిచే డబ్బా. పెద్ద బుగ్గకు కట్టి ముప్పై కిలోమీటర్ల పైకి పంపినం. బుగ్గ పగిలి ఇక్కడ పడ్డది. దీంట్ల బాంబు లేదు, మందు లేదు, కరెంటు కొట్టదు. మీ పైరుకు, పశువులకు ఏమీ కాదు. లోపల గోరంత కార్డు ఉంది. మేము కొలిచిందంతా దాంట్లనే ఉంది. అది పోతే మా ఏడాది పని పోతది. డబ్బాను నీడకు పెట్టి ఈ నంబరుకు ఫోన్ చేయండి, మేమే వస్తం. ఫోన్ కలవకుంటే సర్పంచ్‌కు గానీ పోలీసులకు గానీ చెప్పండి. మేము వచ్చినప్పుడు డబ్బా పైన ఏం చూసిందో మీకు, మీ ఊరోళ్ళకు చెప్తం."

ఇందులో ప్రతి వాక్యానికీ కర్త ఉన్నాడో లేడో నేను లెక్కపెట్టలేదు. కానీ మాట్లాడేవాళ్ళు ఎవరో తెలుస్తోంది, ఎవరితో మాట్లాడుతున్నారో కూడా.

ఆఖరి వాక్యం అందరికంటే చిన్నవాడు చేర్చాడు. సారు దాన్ని తీసేయమన్నారు, ఇచ్చిన మాట నిలబెట్టుకోకపోతే బాగుండదని. పిల్లలు తీయలేదు. దాంతో పని పెరిగింది. ఊరికి పోయి చెప్పాలంటే ఏం చెప్పాలి? గ్రాఫులు చూపిస్తే సరిపోదు. అందుకని ఇప్పుడు శనివారాల్లో రెండు పనులు నడుస్తున్నాయి. ఒకవైపు వాతావరణ లెక్కలతో బెలూన్ దారి ఊహించే ప్రోగ్రాం రోజూ నడిపి చుక్క ఎక్కడ పడుతుందో చూస్తున్నాం. చలిలో చాలా రోజులు అది వలిగొండ, రామన్నపేట, మోత్కూర్, తిరుమలగిరి వైపే పడుతోంది. ఇంకోవైపు నీడ లెక్క, కళ్ళకి అంచున్న టోపీ, పగటీలి మూడు గంటల గురించి పది నిమిషాల్లో ఎలా చెప్పాలో రాస్తున్నాం. రాసిన ప్రతిసారీ మోత్కూర్‌కి ఫోన్ చేసి అమ్మకి వినిపిస్తున్నాం.

పోయిన వారం వినిపించినదానికి ఆమె, "టోపీ వెట్టుకోమంటరు సరే, టోపీ వెట్టుకుంటే నెత్తి మీద పత్తి మూట ఎట్ల మోయాలె?" అని అడిగింది. దానికి ఇంకా జవాబు రాయలేదు.